ఆగినకాడ చుక్క

శ్రీరాంపూర్,
సెప్టెంబర్ 22, 2024.

చెల్లె స్తుతికి అన్న స్టీఫెన్ వందనాలు.

నువ్వు బస్సెక్కి పోయి పది దినాలాయె. నన్ను కరీంనగర్ దావఖానకు తోలుకపోయేటందుకు సెలవు పెట్టి హైదరాబాద్ నుంచి వచ్చినవు. నేనేమో బస్టాండ్ల ‘పైలంగ పో’ అని ఒక్క ముక్క గూడ సక్కగ అనలే. ఆ మోతల నేనేమన్ననో నాకే తెల్వలే. ఇరవై ఏండ్లు బొగ్గుల డ్రిల్లు మిషిన్ పట్టి చెవులు గనికే ఇచ్చి, ఇప్పుడు సాంబయ్య కాకతోని ల్యాంప్ రూమ్ల దీపాలు ఇచ్చే పనికి వచ్చిన. నువ్వు ఫోన్ల మాట్లాడితే ఈగ గుయ్యిమన్నట్టే ఉంటది. మెసేజ్ పెడుదమంటే ఫోను మీ వదిన షారోన్‌ది, ఒక్కొక్క అక్షరం సదువుతది. ఉత్తరమైతే అన్నాచెల్లెండ్ల నడుమనే ఉంటది, గందుకే రాస్తున్న.

సోరియాసిస్ తోలు మీదికెళ్లి కీళ్లల్లకు దిగిందని డాక్టర్ చెప్పంగ విన్నవు గదా. నువ్వు మందుల షాపుకు పోయినప్పుడు ఆయన నన్నొక మాట అడిగిండు. ‘గీ గోళీలు వారానికొక్కపారే. ఏ దినమైతే నీకు సులువు?’ అన్నడు. ప్లేడే అన్న. వారంల నాకున్న సెలవు గదొక్కటే, ఆదివారం. నవ్వి, కార్డు మీద ‘ప్లేడే’ అనే రాసి ఇచ్చిండు. ఇయ్యాల చర్చి నుంచి వచ్చినంక ఏసుకున్న. పొద్దుగూకేదాక కడుపుల తిప్పింది, తల తిరిగింది, పండుకున్న. ఇప్పుడు నయమే. కార్డుల డబ్బాల టిక్కు కొట్టిన. మీ వదిన దాన్ని రోజు చూస్తది, పిల్లల ప్రోగ్రెస్ కార్డు చూసినట్టు.

ఎడమ చేతి నడిమి వేలు, ఉంగరపు వేలు అరటికాయలోలె ఉబ్బి ఉన్నయ్, కుడి చేతి వేళ్లు గూడ నొస్తున్నయ్. బాపు డోలకు మీద దెబ్బ పడ్తలేదు. క్రిస్మస్ వరకు దిగొచ్చు అన్నడు డాక్టర్. పట్టించుకోకుంటె వేళ్లు గట్లనే బిగుసుకపోతయ్, మల్ల వంగవు అని గూడ అన్నడు. గా మాట నీకు చెప్పలే, ఇప్పుడు చెప్తున్న.

మీ వదిన చర్చిల అందరికి నువ్వు ఎలుకల డాక్టరమ్మవని చెప్పింది. ఏం చేస్తవో జర తెలిసేటట్టు రాయి. నీ పుస్తకాల భాషల రాసినా సరే, తంటాలు పడి సదువుకుంట. నా రాత వంకరపోయిందని నవ్వకు.

నీ అన్న,
స్టీఫెన్


హైదరాబాద్,
అక్టోబర్ 13, 2024.

అన్నా,

రాత ఎంత వంకరపోతేనేం, నీ గొంతు అలాగే వినిపించింది. ఎలుకల గదిలోకి ఫోనూ ఉత్తరాలూ తీసుకుపోనివ్వరు. బయట మెట్ల మీద కూర్చుని రెండుసార్లు చదివాను. వదినకు చెప్పు, నేను డాక్టరమ్మను కాదు. బోన్లు కడుగుతాను, మేత వేస్తాను, మందు పూస్తాను, చర్మం ఎంత మందం అయిందో కొలిచి పుస్తకంలో రాస్తాను. ఆలోచించే పని మా భానుప్రసాద్ సార్‌ది.

మా పని నీ జబ్బుకు చుట్టమే, అందుకే విను. చర్మానికి దెబ్బ తగిలితే అక్కడి కణాలు కీమోకైన్లు అనే చిన్న చిన్న పదార్థాలను వదులుతాయి. అవి పిలుపులన్న మాట, ‘ఇక్కడ ఆపద, రండి’ అని. నెత్తురులోని తెల్లకణాలు చక్కెర జాడకు చీమలు వచ్చినట్టు ఆ పిలుపు వెంట వస్తాయి. వాపూ ఎరుపూ వేడీ అందుకే. అది మంచిదే. కానీ పని అయిపోయాక పిలుపు ఆగాలి కదా! దానికి వేరే గ్రాహకాలున్నాయి, అంటే కణం మీద పిలుపును పట్టుకునే చేతుల్లాంటివి. మామూలు గ్రాహకం పిలుపును పట్టుకుంటే కణానికి ‘పద’ అని చెప్తుంది. ఇవి పిలుపును పట్టుకుని, కణంలోకి లాక్కుని, అక్కడే నాశనం చేయిస్తాయి. ఎవరికీ ‘పద’ అని చెప్పవు. సార్ వీటిని ఊడ్చే గ్రాహకాలు అంటారు.

మా ఎలుకల్లో సగం అలాంటి గ్రాహకం ఒకటి లేకుండా పుట్టినవే. చూస్తే ఏ తేడా తెలియదు, తింటాయి, ఆడతాయి, నా వేలు కొరుకుతాయి. వీపు మీద మూడు రోజులు మంట పుట్టించే మందు పూస్తేనే తేడా బయటపడుతుంది. మామూలు ఎలుకలకు కొన్నాళ్లలో తగ్గిపోతుంది. వీటికి తగ్గదు. ఎర్రబడి, మందమై, పొలుసులు కడుతుంది, నీ మోచేతి మీద కట్టినట్టే. మొదటిసారి చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది.

సోరియాసిస్ ఉన్నవాళ్లకు కూడా మచ్చలేని చోట ఈ గ్రాహకం ఎక్కువగా ఉండి కాపాడుతుందట. గీరుకుంటే అది తగ్గుతుందట. కాబట్టి గీరకు అన్నా, నీకు దండం పెడతాను. అలాగని దీన్ని పెంచితే చాలు, అన్ని జబ్బులూ పోతాయని అనుకోకు. ఒంటి మీద ఒళ్లే తిరగబడే జబ్బులు చాలా ఉన్నాయి. వాటిలో కొన్నింట్లో ఈ గ్రాహకం లేని ఎలుకలే బాగున్నాయట. ‘ఇంకా తెలియదమ్మా’ అనే మాట సార్ రోజుకు పదిసార్లు అంటారు.

ఇప్పుడు మా ఏడో బోను ఎలుకలు ఆయనను తికమక పెడుతున్నాయి. గ్రాహకం లేకపోయినా వాటికి చక్కగా తగ్గిపోయింది. అదంతా నీకెందుకులే. గోళీలు మరిచిపోకు. క్రిస్మస్‌కు డోలకు నీ చేతిలో ఉండాలి.

నీ చెల్లె,
స్తుతి


శ్రీరాంపూర్,
నవంబర్ 17, 2024.

చెల్లె స్తుతికి,

గీ రాత చూసి పరేషాన్ కాకు. చెప్పేది నేను, రాసేది సాంబయ్య కాక. పోయిన వారం కాక సైకిల్ మీదికెళ్లి పడి తుంటి ఎముక ఇరగ్గొట్టుకున్నడు. మంచంల పండుకోని ఏం తోస్తలేదంటె చేతికి కాగితం ఇచ్చిన. ముప్పై ఐదేండ్ల సంది ల్యాంప్ రూమ్ రిజిస్టర్ రాసిన చెయ్యి, అక్షరాలు ముత్యాలోలె ఉన్నయ్ చూడు.

నువ్వు రాసింది కాకకు సదివి వినిపిచ్చిన. సగం కాంగనె నవ్విండు. ‘అరే, గా ఊడ్చేటిది నేనే గదరా!’ అన్నడు. నిజమే చెల్లె. నువ్వు పుట్టిన దినం ముచ్చట బాపు నీకు నవ్వుకుంట చెప్పిండు గని పూర చెప్పలే.

ల్యాంప్ రూమ్ కాయిదా నీకు ఎరికే. గనిలకు దిగేటోడు ఇత్తడి టోకెన్ ఇచ్చి దీపం తీసుకుంటడు, ఎక్కినంక దీపం ఇచ్చి టోకెన్ తీసుకుంటడు. బోర్డు మీద టోకెన్ మిగిలితే మనిషి ఇంక లోపలనే ఉన్నట్టు. గా దినం బాపు ఎక్కుతుంటె ఎవలో ‘తిమోతీ, నీకు ఆడపిల్ల’ అన్నరు. ఇగ ఆగుతడా! దీపం నడుముకు గట్లనే ఉండంగ దావఖానకు ఉరికిండు. టోకెన్ బోర్డు మీదనే ఉన్నది. సైరన్ కొట్టిండ్రు. కాలనీలకు కాలనీలు గని మీదికి ఉరికినయ్. ఆడోళ్లు ఏడ్చుకుంట, చెప్పులు లేకుండ. నాకు పదకొండేండ్లు, నేను గూడ బాపు పోయిండనుకుంట ఉరికిన. గేటు కాడ తొక్కులాటల ఒకాయనకు చెయ్యి ఇరిగింది. లోపల ఎవ్వలకేం కాలే, ఏమన్న అయితే గేటు కాడనే అయింది.

బాపు దొరికినంక సైరన్ బందైంది. జనం బంద్ కాలే. ఒకలను చూసి ఒకలు నస్పూర్ దిక్కుకెళ్లి వస్తనే ఉన్నరు. అప్పుడు కాక కొలువుల కొత్త. సైకిలేసుకోని పోయి తొవ్వకు అడ్డం నిలవడ్డడు. వచ్చినోళ్లను వచ్చినట్టే పట్టుకోని, ‘ఏం కాలే, తిమోతికి బిడ్డ పుట్టింది, ఇండ్లకు పోండ్రి’ అని తిప్పి పంపిండు. పొద్దుగూకేదాక గదే పని. గా వార్తను ఆయన తన కాడికెళ్లి ఒక్క అడుగు ముంగటికి పోనియ్యలే. కాక లేకుంటె ఇంకెన్ని చేతులు ఇరుగుతుండెనో. అంటె నువ్వు పుట్టుడుతోనే శ్రీరాంపూర్‌కు వాపు తెచ్చినవ్, ఎలుకల డాక్టరమ్మా!

ల్యాంప్ రూమ్ల మేమిద్దరమే గనుక కాక ఆదివారం డ్యూటీ గూడ నేనే చేస్తున్న. కొత్త మనిషిని ఇస్తమన్నరు, వద్దన్న. కొత్తోడు వచ్చి కుర్చీల కూసుంటె కాక లేచి వచ్చినంక యాడ కూసుంటడు? నా ఫికర్ చెయ్యకు. గోళీలు బరాబర్ నడుస్తున్నయ్.

నీ అన్న,
స్టీఫెన్

బిడ్డా, గీ కింద రెండు మాటలు సాంబయ్య కాక సొంతంగ రాస్తున్నడు. నీ అన్న చేతులు ఎట్లున్నయో నీకు రాయొద్దన్నడు. నేను రాస్తలేను.


హైదరాబాద్,
జనవరి 19, 2025.

అన్నా,

కాక రాయని మాట నాకు బాగానే అర్థమైంది. మొన్న వదిన ఫోన్ చేసి మిగతాదీ చెప్పింది. క్రిస్మస్ ఆరాధనలో బాపు డోలకు గోడకే ఉందట, నువ్వు డ్యూటీ అని తప్పించుకున్నావట. ఉంగరపు వేలు మడవడానికి రావడం లేదట. కరీంనగర్ డాక్టర్ కూడా నీ చేతులు చూసి, ‘ఇన్ని నెలలు వేసుకున్నా తగ్గలేదంటే ఈ మందు నీకు పనిచేయదు, వచ్చే నెల గట్టి ఇంజెక్షన్లకు పోదాం’ అన్నాడట. ఆ ఇంజెక్షన్లు ఒంట్లో ఇంకేం చేస్తాయోనని వదిన ఏడ్చింది. నాకూ భయంగా ఉంది అన్నా. బాపు పోయాక నాకు బాపువు నువ్వే.

ఈ మధ్య నేను కూడా సరిగ్గా తినడం లేదు. దానికి కారణం ఎవరికీ చెప్పలేదు, నీకు చెప్తున్నాను.

నిన్ను డాక్టర్ దగ్గరికి తీసుకుపోవడానికి బయలుదేరిన రోజు ఏడో బోను ఎలుకలకు మూడో పూత పూయాలి. పొద్దున బస్సు తప్పిపోతుందని పూయకుండానే వచ్చేశాను. తిరిగి వెళ్లాక పుస్తకంలో పూసినట్టు టిక్కు పెట్టాను. ఒక్క పూతే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. ఆ ఎలుకలకు తగ్గిపోయింది. తగ్గదా మరి, మంట పెట్టిందే తక్కువ! పాపం సార్ నాలుగు నెలలు ఆ బోను ముందు కూర్చుని తల పట్టుకున్నారు. ‘మనం ఇన్నేళ్లు అనుకున్నదే తప్పేమో స్తుతీ, ఈ పని ఆపేద్దాం’ అన్నారు. నేను పక్కనే నిలబడి మేత వేస్తూ ఉన్నాను.

పోయిన సోమవారం చెప్పేశాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. సార్ పుస్తకం నా ముందుకు జరిపి, ‘చెరపకు. టిక్కు మీద ఒకే ఒక్క గీత కొట్టు, కింద ఉన్న తప్పు కనబడాలి. పక్కన నిజం రాసి, తేదీ వేసి, సంతకం పెట్టు’ అన్నారు. మా దగ్గర పద్ధతి అదే, తప్పును దాచడానికి లేదు, దిద్దుకోవచ్చు. సంతకం పెట్టి బయటికి వచ్చి ఏడ్చాను. ఆ మధ్యాహ్నం కడుపునిండా తిన్నాను.

నీ కోసం వచ్చి తప్పు చేశానని బాధపడకు. నీ కోసమైతే వెయ్యిసార్లు వస్తాను. వచ్చినందుకు కాదు, చెప్పనందుకే నా బాధ.

నీ చెల్లె,
స్తుతి


శ్రీరాంపూర్,
ఫిబ్రవరి 12, 2025.

చెల్లె,

గీ ఉత్తరం నా చేత్తోనే రాస్తున్న. వేళ్లు నొచ్చి ఆగినకాడల్ల ఒక చుక్క పెడుతున్న, చూసి బుగులుపడకు.

నీ ఉత్తరం జేబుల పెట్టుకోని మూడు వారాలు తిరిగిన. తీసుడు, సదువుడు, మల్ల పెట్టుడు. నా చిన్న చెల్లె పెద్ద సారు ముంగట నిలవడి చెప్పింది. నేను నా పెండ్లాం ముంగట నిలవడి చెప్పలేకపోయిన.

నవంబర్ పదో తారీకు సంది నేను గోళీలు ఏసుకుంటలేను.

కాక పడ్డకాంచి నాకు ప్లేడే లేదు. కార్డు మీద ‘ప్లేడే’ అనే రాసి ఉన్నది గదా, ప్లేడే లేకుంటె గోళి లేదు అనుకున్న. ముందుగాల నిజంగనే గట్లనే అనుకున్న చెల్లె, ప్రభువు సాక్షి. ఇంకోటి, ఏసుకున్న పూట నాకు తల తిరుగుతది. తల తిరుగుకుంట దీపాలు చూసి ఇస్తనా? ఒక్క దీపం బాగలేకుంటె దిగినోని బతుకు చీకట్లనే. నాలుగైదు వారాలైనంక చేతులే చెప్పినయ్, నేను చేసేది తప్పని. కని అప్పటికే కార్డుల టిక్కులు కొట్టి పెట్టిన, షారోన్ చూస్తదని. ఇగ ఏ మొఖం పెట్టుకోని చెప్పాలె? డాక్టర్ ‘మందు పనిచేస్తలేదు’ అంటె తల ఊపిన. మందు నా కడుపులకే పోలేదాయె, ఎట్ల పనిచేస్తది! నీ ఏడో బోను ఎలుకను నేనే.

పద్నాలుగు ఆదివారాలు. నిన్న కార్డు తీసుకోని మీ సారు చెప్పినట్టే చేసిన. చెరపలే. ఒక్కొక్క టిక్కు మీద ఒక్క గీత, పక్కన ‘ఏసుకోలే’ అని, తారీకు, సంతకం. పద్నాలుగు సంతకాలు పెట్టేవరకు చెయ్యి పడిపోయింది. తీసుకపోయి షారోన్‌కు ఇచ్చిన. తిడ్తదనుకున్న. కార్డు చూసుకుంట కూసున్నది. ‘నీ బాగు కోరి చూసిన. నువ్వు నాకు భయపడ్డవా?’ అన్నది. గంతే అన్నది. తిట్టినా బాగుండు.

రేపు ఇద్దరం డాక్టర్ కాడికి పోతున్నం. కార్డు ఆయన ముంగట పెట్టాలె. నువ్వు రాకు, నీ ఎలుకలను ఇడిసిపెట్టకు. నా ధైర్యం కొరకు ప్రార్థన చెయ్యి.

చుక్కలు లెక్కవెట్టిన, ఇరవై రెండు.

నీ అన్న


హైదరాబాద్,
ఫిబ్రవరి 23, 2025.

అన్నా,

నీ ఉత్తరం చదివి ముందు నిన్ను కొట్టాలనిపించింది. తర్వాత ఆ చుక్కల మీద వేలు పెట్టుకుంటూ మళ్లీ చదివాను. పద్నాలుగు వారాలు నొప్పిని మింగి కూర్చున్నావు, ఎంత మొండివాడివి!

డాక్టర్ ఏమన్నాడో వదిన అంతా చెప్పింది. తిట్టలేదట, ముందు తన కార్డునే తిట్టుకున్నాడట. నెత్తురు పరీక్ష చేయించి, పాత గోళీలే మళ్లీ మొదలుపెట్టమన్నాడట, ఇంజెక్షన్ల మాట తర్వాత. కార్డు మీద ‘ప్లేడే’ అన్న మాటకు ఒక్క గీత కొట్టి ‘ఆదివారం, డ్యూటీ ఉన్నా లేకున్నా, ఇంటికి వచ్చాక’ అని రాసి, తనూ సంతకం పెట్టాడట. మంచివాడు. బిగుసుకున్న వేలు సంగతి మాత్రం చెప్పలేనన్నాడట.

ఏడో బోను ప్రయోగం మళ్లీ చేశాం. మూడు పూతలూ నేనే పూశాను. ఈసారి తగ్గలేదు, పొలుసులు కట్టింది. సార్ అనుకున్నదే నిజం. సంతోషం పట్టలేక అందరికీ టీ తెప్పించారు. నేను ఆ ఎలుకల వీపులు చూస్తూ టీ తాగలేకపోయాను. నాకు వాటి వీపు కనబడదు అన్నా, నీ మోచేయి కనబడుతుంది.

కాక ఆ రోజు ఊరంతటినీ వెనక్కి పంపాడు, మేలు చేశాడు. అది లేని ఆపద కబురు. నీ చేతులది ఉన్న ఆపద. ఉన్నదాన్ని మింగకూడదు. కాకకు కూడా నిజం చెప్పు, ఆయన కుర్చీ ఎక్కడికీ పోదు.

నీ చెల్లె,
స్తుతి


శ్రీరాంపూర్,
ఏప్రిల్ 21, 2025.

చెల్లె స్తుతికి, క్రీస్తు లేచిండు.

కాకకు చెప్పిన. కట్టె పట్టుకోని మంచంల నుంచి లేవబోయిండు, నన్ను కొట్టేటందుకు. ‘నా కుర్చీ కోసం నీ చేతులు ఇస్తవార? కుర్చీ గింత, చేతులెంత!’ అని గాయి గాయి చేసిండు. అప్పటికప్పుడే నాతోని అర్జీ రాపిచ్చి సంతకం పెట్టిండు, తను వచ్చేదాక ఆదివారాలకు వేరే మనిషిని పెట్టుమని. నా చేతులు బాగైతె కొండగట్టు అంజన్న కాడికి వస్తనని మొక్కిండట. ‘నీ ప్రభువు, నా అంజన్న మాట్లాడుకుంటరు, నువ్వు గోళి మింగు’ అన్నడు. ఒకటో తారీకు నుంచి కాక డ్యూటీకి వస్తుండు. కుర్చీ ఆయనదే.

పది ఆదివారాలు, పది టిక్కులు, పదీ నిజమే. నిన్నటిది షారోన్‌ను కొట్టుమన్న. ‘నీది నువ్వే కొట్టుకో’ అన్నది. ఇప్పుడు కార్డు చూస్తలేదు చెల్లె. నేనే చూపిస్త, ఆమె మొఖం తిప్పుకోని నవ్వుతది. మోచేతి మీద పొలుసులు సగం రాలినయ్. గీరుతలేను, నీ మీద ఒట్టు. నడిమి వేలు వాపు దిగింది. ఉంగరపు వేలు మాత్రం మలుగుతలేదు, ఇగ మలుగదట. గా పద్నాలుగు ఆదివారాలు గా వేలు తీసుకున్నది. పోనీ, తొమ్మిది మిగిలినయ్.

నిన్న తెల్లారంగ సమాధుల తోటల ఈస్టర్ ఆరాధన. బాపు డోలకు నేనే ఎత్తుకపోయిన. బాపు సమాధి పక్కన గడ్డిల కూసోని వాయించిన. ఒక పాట పూర, రెండో పాట సగం. గా ఒక్క వేలు పైకి లేపుకోనే వాయించిన, చూసినోళ్లకు ఏదో చూపెడుతున్నట్టే ఉంటది. కాక కట్టె పట్టుకోని వచ్చి గోడ అవుతల నిలవడ్డడు. దరువు బాపు దరువోలెనే ఉన్నదట. నా చెవులకు పూర వినవడలే గని చేతులకు తెలిసింది.

గీ ఉత్తరంల గూడ వేళ్లు నొచ్చి ఆగినకాడ చుక్క పెట్టిన. ఎతికి చూసుకో, మూడే ఉన్నయ్. బాపు ముచ్చట రాసేకాడ నాలుగోపారి గూడ ఆగిన. గది నొప్పికి కాదు, గందుకే చుక్క పెట్టలే.

నీ అన్న,
స్టీఫెన్